మహేశ్వర రాజమాత అహల్యాబాయి

నర్మదానది ఉత్తరపుటొడ్డున మహేశ్వరమను చిన్న పట్టణము కలదు. నీటి అంచువరకు దిగిన రాతిమెట్లు, వాటిపైన కోట, ఆ కోటలోపల ఆడంబరము లేని ఒక లోగిలి నేటికిని నిలిచియున్నవి. పదునెనిమిదవ శతాబ్దమున ఇరువది యెనిమిది సంవత్సరములు హోల్కరుల రాజ్యమును పాలించిన అహల్యాబాయి నివసించిన లోగిలి యది. చరిత్ర పుస్తకములలో ఆమె పేరు వచ్చినపుడు ఆమె కట్టించిన దేవాలయముల పట్టికయే మన కంటబడును. ఆ పట్టిక వెనుక, భర్తను, కొడుకును, మనుమని, అల్లుని, కుమార్తెను తన కన్నులయెదుటనే పోగొట్టుకొని, ప్రతి దుఃఖము తరువాతను మరల న్యాయాసనముపై కూర్చుండిన తల్లి యొకతె కలదు. ఆ తల్లిని ఎరిగినగాని ఆ రాణి గొప్పదనము పూర్తిగా బోధపడదు.

అహల్యాబాయి 1725వ సంవత్సరము మే 31వ తేదీన మహారాష్ట్ర దేశమందలి చోండీ గ్రామమున జన్మించెను. ఆ గ్రామమున్న అహ్మద్‌నగరు జిల్లాకు ఇటీవల ఆమె పేరనే అహిల్యానగరు అని నామకరణము చేసిరి. తండ్రి మాన్‌కోజీ షిండే గ్రామమునకు పాటీలు. గొఱ్ఱెల కాపరుల కులమునకు చెందిన సామాన్య కుటుంబము వారిది. ఆడపిల్లలకు అక్షరములు చెప్పించుట అరుదైన ఆ కాలమున మాన్‌కోజీ తన బిడ్డకు చదువను వ్రాయను నేర్పించెను. పేష్వా సేనానియైన మల్హారరావు హోల్కరు దారిలో ఆ గ్రామమున విడిసి, గుడిలో ఎనిమిదేండ్ల బాలికను చూచి, ఆమె నడవడికి మెచ్చి తన యేకైక పుత్రుడు ఖండేరావునకు కోడలిగా ఎన్నుకొనెనని చెప్పుదురు. 1733లో వివాహము జరిగెను. మల్హారరావుకూడ గొఱ్ఱెలు కాచిన కుటుంబమునుండి కత్తిబలముతో పైకి వచ్చినవాడే. అత్త గౌతమాబాయి ఇంటిపెత్తనము నేర్పగా, మామ రాచకార్యములు నేర్పెను. కాలక్రమమున అహల్యాబాయికి మాలేరావు అను కుమారుడును, ముక్తాబాయి అను కుమార్తెయు కలిగిరి.

1754లో భరతపురము జాట్ల అధీనమందున్న కుంభేరు కోటను మరాఠాలు ముట్టడించిరి. ఆ ముట్టడిలో కోటపైనుండి వచ్చిన ఫిరంగిగుండు తగిలి ఖండేరావు మరణించెను. అప్పటికి అహల్యాబాయికి ఇరువది తొమ్మిదేండ్లు నిండలేదు. ఖండేరావు ఇతర భార్యలు చితి నెక్కిరి. అహల్యాబాయియు అందుకు సిద్ధపడెను. కొడుకు శవము ముందున్న ముదుసలి మల్హారరావు కోడలి యెదుట నిలిచి కన్నీటితో బ్రతిమాలెను. కొడుకు పోయిన తనకు ఇక ఆమెయే కొడుకనియు, ఆమెయు పోయినచో ఈ రాజ్యమును, ఈ పసిబిడ్డలను చూచు దిక్కు లేదనియు మొఱపెట్టుకొనెను. ఆమె మనసు మరలించుకొనెను. చితినుండి మరలివచ్చిన స్త్రీని లోకము ఏమనునో ఆమెకు తెలియకపోలేదు. అయినను బ్రతుకుటయే తన ధర్మమని నిశ్చయించుకొనెను.

ఆనాటినుండి మల్హారరావు తన మాటను నిలబెట్టుకొనెను. తాను దండయాత్రలలో ఉన్నపుడు ధనము, ధాన్యము, ఆయుధములు సమకూర్చు భారమును కోడలికే అప్పగించెను. 1765లో ఆయన ఆమెకు వ్రాసిన లేఖలలో ఫిరంగుల తరలింపును గురించియు, మందుగుండు సామగ్రిని గురించియు ఆజ్ఞలున్నవి. తన సేనానులకు వ్రాసినట్లే ఆయన కోడలికి వ్రాసెను. 1766లో ఆయన కన్నుమూసెను.

మనుమడు మాలేరావు గద్దె నెక్కెను. అతని బుద్ధి మొదటినుండి నిలుకడ లేనిది. గద్దె నెక్కిన పిమ్మట అది పూర్తిగా చలించెను. తల్లి రేయింబవళ్లు అతని మంచము ప్రక్కనే కూర్చుండి సేవచేసెను. ఏడాదియైనను నిండకముందే, 1767లో, అతడు మరణించెను. దుర్మార్గుడైన కుమారుని తల్లియే చంపించినదని ఒక అపవాదు పుట్టినది. తరువాత మధ్యభారతమున అధికారిగా ఉండి, ఆమెను ఎరిగిన వృద్ధులను విచారించి చరిత్ర వ్రాసిన సర్ జాన్ మాల్కమ్ ఆ కథ నిరాధారమని తేల్చెను.

పుత్రశోకము తీరకముందే రాజ్యమునకు ఆపద వచ్చెను. దివాను గంగాధర యశ్వంతుడు ఒక పసివానిని దత్తత చేసికొని, పాలన తనకు విడిచి, ఆమె పింఛనుతో తృప్తిపడవలెనని సలహా చెప్పెను. ఆమె నిరాకరింపగా అతడు పేష్వా పినతండ్రియైన రఘునాథరావును ఆహ్వానించెను. రఘునాథరావు సేనతో మాళవమునకు వచ్చెను. అహల్యాబాయి ఏడ్చుచు కూర్చుండలేదు. సింధియాకు, భోంస్లేకు, గైక్వాడుకు లేఖలు పంపెను. తుకోజీ హోల్కరును సేనతో నిలిపెను. ఆడువారికిని ఆయుధములిచ్చి దళముగా నిలిపెనని జనశ్రుతి కలదు. స్త్రీతో పోరి గెలిచినచో కీర్తి రాదనియు, ఓడినచో తలవంపులు తప్పవనియు రఘునాథరావునకు వర్తమానమంపెను. ఇంతలో పుణెలో పేష్వా మాధవరావు ఆమె హక్కును అంగీకరించెను. రఘునాథరావు తాను పుత్రశోకములో ఉన్న ఆమెను పరామర్శింప వచ్చితినని చెప్పి, నెత్తురు చిందకుండ మరలిపోయెను. నాటినుండి సేనాధిపత్యము తుకోజీది, దేశపాలన అహల్యాబాయిది అయ్యెను. తుకోజీ వయసులో పెద్దవాడైనను ఆమెను తల్లిగా భావించి తల్లియనియే పిలిచెడివాడు.

ఆమె తన నివాసమును మహేశ్వరమునకు మార్చెను. తెల్లవారుటకు ముందే లేచి స్నానము, పూజ, పురాణశ్రవణము ముగించి, అన్నార్తులకు తన యెదుట భోజనము పెట్టించి, తరువాత తాను భుజించెడిది. మధ్యాహ్నమునుండి సాయంకాలము వరకు ముసుగు లేక నిండుకొలువులో కూర్చుండి, వచ్చిన ప్రతి రైతు మొఱను ఆలకించెడిది. రాత్రి మరల దీపము పెట్టించుకొని కాగితములు చూచెడిది. ధరించునది వితంతువుల తెల్లచీర.

భిల్లులు కొండదారులలో బాటసారులను దోచుచుండిరి. ఆమె వారిని దండించుటతో సరిపుచ్చలేదు. వారి ప్రాంతమున పోవు సరకులపై వారికి చిన్న సుంకమును అనుమతించి, ఆ దారులలో దొంగతనము జరిగినచో బాధ్యత వారిదేయని నిర్ణయించెను. దోచినవారే కావలివారైరి. సంతానము లేని వర్తకుల విధవలు సొత్తును కానుకగా తెచ్చినపుడు ఆమె ముట్టలేదు. దత్తతకు అనుమతించుచు, లేదా ఆ ధనమును బావులకు, సత్రములకు వినియోగింపుమని చెప్పుచు వారిని పంపివేసెను. విధవసొత్తుపై రాజు కన్ను పడుట సామాన్యమైన ఆ రోజులలో ఇది చిన్న సంగతి కాదు. ఆమె ఆదరించిన నేతగాండ్రవలననే మహేశ్వరపు చీరలు దేశమంతట ప్రసిద్ధికెక్కెను.

అత్తగారి కాలమునుండి హోల్కరు కుటుంబ స్త్రీలకు ఖాస్గీ అను సొంత జాగీరు ఉండెను. దాని ఆదాయము రాజ్యపు ఖజానాతో కలియదు. అహల్యాబాయి తన దానధర్మములకు ఈ సొంత ధనమునే వినియోగించెను. 1780లో కాశీ విశ్వేశ్వరాలయమును పునర్నిర్మించెను. సోమనాథమున క్రొత్త ఆలయమును, గయలో విష్ణుపాదాలయమును నిర్మించెను. దక్షిణాది దేవాలయములకు ఏటేట గంగాజలమును పంపించెను. ఎండకాలమున పొలము దున్ను ఎద్దులకు నీరు పెట్టుటకు మనుష్యులను నియమించెను. పక్షులు మేయుటకు పండిన చేలను కొని విడిచెను.

ఇంత సమర్థురాలికిని ఇల్లు నిలువలేదు. కుమార్తె ముక్తాబాయిని యశ్వంతరావు ఫణసే యను యువకునకు ఇచ్చి వివాహము చేసెను. వారికి నథ్యాబా అను కుమారుడు కలిగెను. కొడుకు లేని అమ్మమ్మకు ఆ మనుమడే ఆశాజ్యోతి. అతడు యౌవనమున 1790లో మరణించెను. మరుసటి యేడాది అల్లుడును పోయెను. ముక్తాబాయి సహగమనము చేయుదునని తెలిపెను.

ముప్పదియేడేండ్ల క్రిందట మామగారు తన యెదుట నిలిచి వేడుకొనినట్లే, ఇప్పుడు అహల్యాబాయి కూతురి యెదుట నిలిచి వేడుకొనెను. రాణిననియు, తల్లిననియు మరచి బిడ్డ పాదములపై పడి, ఈ లోకమున తనను ఒంటరిని చేయవలదని ప్రార్థించెను. ముక్తాబాయి శాంతముగనే ఉండెను. తల్లి వృద్ధురాలనియు, మరి కొన్నేండ్లలో ఆమెయు వెళ్లిపోవుననియు, భర్తయు పుత్రుడును లేని తనకు ఆ పిమ్మట బ్రతుకు భారమనియు, గౌరవముతో పోవు సమయము మరల రాదనియు బదులు చెప్పెను. తన మామ మాటకు తాను ఆగెను. తన మాటకు కూతురు ఆగలేదు. రాజ్యమంతట ఆమె ఆజ్ఞ చెల్లెను గాని, కాలపు ఆచారము ముందు చెల్లలేదు.

తల్లి ఊరేగింపులో నడచి చితివద్ద నిలిచెను. ఇరుప్రక్కల ఇద్దరు బ్రాహ్మణులు ఆమె చేతులు పట్టుకొనియుండిరి. మంటలు లేచిన క్షణమున ఆమె నిబ్బరము చెదరెను. కేకలు వేయుచు, పట్టుకొన్న చేతులను విడిపించుకొనలేక తన చేతులను తానే కొరుకుకొనెను. పిమ్మట నర్మదలో స్నానము చేసి ఇంటికి వచ్చి మూడు దినములు అన్నము ముట్టలేదు, నోరు విప్పలేదు. తరువాత లేచి కూతురి స్మారకముగా ఒక మండపమును కట్టించెను. మరల కొలువునకు వచ్చెను. రైతుల మొఱలు ఆమె దుఃఖముకొరకు ఆగవు కదా! ఆ సహగమనాచారము బ్రిటిషు భారతమున చట్టవిరుద్ధమగుటకు 1829 వరకు ఆగవలసి వచ్చెను.

ఒక పండితుడు ఆమెను స్తుతించుచు ఒక గ్రంథమును వ్రాసి తెచ్చెను. ఆమె ఓపికతో విని, తానొక అబలననియు, ఇంతటి స్తోత్రమునకు తగననియు పలికి, దానిని నర్మదలో కలుపుమని ఆజ్ఞాపించెను. అందువలన ఆ స్తోత్రము మనకు దక్కలేదు. 1795వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన, డెబ్బదియవ యేట, ఆమె మహేశ్వరమున కన్నుమూసెను. రెండేండ్లకు తుకోజీయు పోగా రాజ్యము అంతఃకలహములలో పడెను. ఆ కలహములు చూచిన ప్రజలకు తల్లి పాలన విలువ మరింత తెలిసివచ్చెను. నేడు ఇందూరు విశ్వవిద్యాలయము ఆమె పేరు ధరించియున్నది.

ఆమెకు వంశము మిగులలేదు. ఆమె త్రవ్వించిన బావులలో నీరు త్రాగినవారును, ఆమె దారులలో నిర్భయముగా నడచినవారును, నర్మద ఒడ్డున నేటికిని మగ్గము నేయుచున్నవారును ఆమెను తల్లియనియే తలచుచున్నారు.