నందలాల్ బోసు: ఉలి నేర్పిన పాఠము

దిమ్మెయచ్చు మన తెలుగువారికి క్రొత్తది కాదు. కాళహస్తి కలంకారీకి కలమెట్టిదో, బందరు అద్దకమునకు చెక్కదిమ్మె యట్టిది. అయినను దిమ్మెపై మనుష్యరూపమును జెక్కి కాగితమున కెక్కించుట కళయా, చేతిపనియా యని సందేహించువారు మనలో పెక్కుమంది కలరు. వారికి నందలాల్ బోసు జీవితమే సమాధానమని మా యభిప్రాయము.

ఆయన 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని హవేలీ ఖరగ్‌పూరున జన్మించెను. కలకత్తా చిత్రకళాశాలలో అవనీంద్రనాథ ఠాకూరునకు శిష్యుడయ్యెను. అజంతా కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాయుటలో పాల్గొని, పిదప శాంతినికేతనమునందలి కళాభవనమునకు అధ్యక్షుడయ్యెను.

పికాసో, బ్రాక్ ప్రభృతులు పారిసున లేవదీసిన క్యూబిజము ఆ కాలముననే మన దేశమున ప్రవేశించెను. రూపమును పలకలుగా విడదీసి మఱల కూర్చుట దాని పద్ధతి. 1922 డిసెంబరులో కలకత్తా ప్రదర్శనమున జర్మనీ నవ్యచిత్రకారుల కృతులతోపాటు గగనేంద్రనాథ ఠాకూరు క్యూబిస్టు చిత్రములును వెలసెను. శాంతినికేతనమున స్టెల్లా క్రామ్రిష్ విదుషి పాశ్చాత్యకళపై ఉపన్యసించెను. ఫ్రెంచి చిత్రకారిణి ఆంద్రే కార్పెలెస్ దారుఫలకములు చెక్కు విధము నేర్పెను. 1924లో నందలాలు రవీంద్రునితో చైనా, జపానులకేగి, ఆ దేశముల కళను స్వయముగా జూచెను.

ఇన్ని గాలులు వీచినను ఆయన వేరు కదలలేదు. ఉప్పు సత్యాగ్రహము సాగిన 1930లో లినోలియముపై చేకఱ్ఱ పూనిన గాంధీమహాత్ముని మూర్తిని జెక్కెను. ఉలి తగిలిన చోట తెలుపు, తగులని చోట నలుపు. నడిమి ఛాయ లేదు. కావున చెక్కువాడు మెఱుగులు విడిచి, కొలది గీతలతోనే దేహమును నిలుపవలెను. రూపపు కట్టడమును వెదకుమని క్యూబిజము చెప్పిన పాఠమును ఉలియును చెప్పుచున్నది. ఆ ప్రతిమను మేము క్యూబిస్టు చిత్రమనము. పరుల వేషము ధరింపకయే వారి వివేకమును గ్రహింపవచ్చునన్న సత్యమునకు నిదర్శనమందుము. ఒక్క దిమ్మె పెక్కు ప్రతుల నీయగలదు గనుక, అట్టి చిత్రము ధనికుని గోడకే పరిమితము కానక్కఱలేదు.

నందలాలు 1966 ఏప్రిల్ 16న దివంగతుడయ్యెను. మన చిత్తూరు ప్రాంతపు నందనూరున 1925లో బుట్టిన కృష్ణారెడ్డి ఆయనకడ విద్య నభ్యసించి, పారిసున క్యూబిస్టు మార్గమెఱిగిన శిల్పి జాడ్కిన్‌కు శిష్యుడై, లోహఫలకముల అచ్చుచిత్రకళలో లోకఖ్యాతి గాంచి 2018లో అస్తమించెను. మన పల్లెలలో బొగ్గుతో గోడలపై బొమ్మలు గీయు బాలుని మందలింపబోవు పెద్దలు ఈ గురుశిష్యుల నొకసారి స్మరింతురు గాక.