ఎలైజా మెకాయ్

ఎలైజా మెకాయ్ (మే 2, 1844 - అక్టోబరు 10, 1929) కెనడాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన నల్లజాతి ఇంజనీరు, ఆవిష్కర్త. ఆవిరి యంత్రం నడుస్తూ ఉండగానే దానికి కందెన అందించే నూనె గిన్నెను 1872లో రూపొందించాడు. ఈయన పొందిన పేటెంట్లు 57 అని లెక్కిస్తారు. వాటిలో అత్యధిక భాగం యంత్రాలకు నూనె వేయడానికి సంబంధించినవే. కొన్ని గ్రంథాలలో ఈయన జన్మ సంవత్సరం 1843 అని ఉంది.

బాల్యము, విద్య

మెకాయ్ తల్లిదండ్రులు జార్జి, మిల్డ్రెడ్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలు. అక్కడినుండి తప్పించుకొని, పారిపోయే బానిసలకు తోడ్పడే రహస్య సహాయకుల ద్వారా కెనడా చేరుకున్నారు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం 1834లో అమలులోకి వచ్చింది. అమెరికాలో అది 1865 వరకు కొనసాగింది. కనుక ఆంటారియోలోని కోల్చెస్టరులో పుట్టిన ఎలైజా పుట్టుకతోనే స్వతంత్రుడు. సరిహద్దుకు అవతల పుట్టి ఉంటే అతని జీవితం మరొక విధంగా ఉండేది.

యంత్రాలపై కుమారునికి ఉన్న ఆసక్తిని గమనించిన తల్లిదండ్రులు పదిహేనేళ్ళ వయసులో అతనిని స్కాట్లండులోని ఎడింబరోకు పంపారు. అక్కడ పనినేర్చుకొని, మెకానికల్ ఇంజనీరుగా అర్హత సంపాదించి తిరిగివచ్చాడు. అప్పటికి కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటీ పట్టణంలో స్థిరపడింది.

రైల్వే ఉద్యోగము

అర్హత ఉన్నప్పటికీ నల్లజాతివాడైనందున ఆయనకు ఇంజనీరు ఉద్యోగం దొరకలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరాడు. కొలిమిలో బొగ్గు వేయడం, ఇంజనుకు నూనె పోయడం ఆ ఉద్యోగంలోని పనులు. చదువుకు తగిన పని కాకపోయినా, ఆయన జీవితకాల కృషికి కావలసిన సమస్య అక్కడే ఎదురైంది.

ఆనాటి రైలు ఇంజనుకు తరచుగా నూనె అవసరమయ్యేది. బండి ఆగినప్పుడల్లా పనివాడు దిగి, చుట్టూ తిరిగి, ఇరుసులకు, కీళ్ళకు నూనె పోయాలి. మన ఎద్దుబండి ఇరుసుకు కందెన పెట్టడం వంటిదే ఇది. అయితే సిలిండరు విషయం వేరు. దాని లోపల పిస్టన్ (ముషలకము) అధిక పీడనం గల ఆవిరితో ముందుకూ వెనుకకూ కదులుతుంది. ఆవిరి ఉండగా మామూలు నూనె గిన్నె మూత తీస్తే నూనె లోపలికి పోకపోగా బయటికే ఎగజిమ్ముతుంది. ఆవిరిని ఆపినప్పుడే పోయాలి. ఆలస్యమైతే లోహం లోహంతో ఒరుసుకొని, వేడెక్కి, అరిగిపోతుంది. ఎక్కువ పోస్తే నూనె వృథా అవుతుంది.

నూనె గిన్నె

ఇప్సిలాంటీలో సొంత పనిశాల ఏర్పరచుకొని మెకాయ్ ఈ సమస్యపై పనిచేశాడు. 1872 జూలై 23న ఆవిరి యంత్రాల లూబ్రికేటరుకు 129,843 సంఖ్య గల పేటెంటు లభించింది. ఇందులో సిలిండరుపైన బిగించే గిన్నెలో నూనె ఉంటుంది. గిన్నె అడుగున ఒక కవాటం, దానికి ఆనుకొని ఒక కడ్డీ ఉంటాయి. యంత్రంలోని ఆవిరి ఒత్తిడే కడ్డీని నెట్టి కవాటాన్ని తెరుస్తుంది. అప్పుడు నూనె కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. అంతవరకు నూనె పోయడానికి ఆటంకంగా ఉన్న ఆవిరినే ఆయన ఆ పనికి వినియోగించాడు. రైలు ఇంజన్లకే కాక ఓడలలోను, కర్మాగారాలలోను ఉండే ఆవిరి యంత్రాలకు కూడా ఇటువంటి సాధనం అవసరమే.

తనంతట తానుగా నూనె అందించే సాధనాన్ని కనిపెట్టిన మొదటి వ్యక్తి మెకాయ్ అని కొన్ని పుస్తకాలలో వ్రాస్తారు. ఇది సరికాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ 1860లోనే ఒక లూబ్రికేటరు చేశాడు. అందులో ఆవిరి చల్లబడి నీరుగా మారి గిన్నె అడుగుకు చేరుతుంది. నీటికంటె తేలికైన నూనె పైకి లేచి యంత్రంలోకి పొర్లుతుంది. 1862లో జేమ్స్ రాస్కో మరొకటి రూపొందించాడు. మెకాయ్ ఘనత మొదటివాడు కావడంలో లేదు. ఒకే సమస్యను సుమారు నలభై సంవత్సరాలు విడువకుండా పట్టుకొని, యంత్రాలు మారినప్పుడల్లా దానికి కొత్త పరిష్కారం వెదకడంలో ఉంది.

నేటి పచ్చికకోత యంత్రం, పవర్ టిల్లరు, చిన్న జనరేటరు వంటివాటిలో ఈ గిన్నె కనబడదు. వాటిలోని అనేక చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో నూనె అడుగు పెట్టెలోనే ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు చివరనున్న చిన్న గరిటె వంటి భాగం తిరిగినప్పుడల్లా దానిని పైకి చిమ్ముతుంది. ఇది వేరొక పద్ధతి, మెకాయ్ పేటెంట్ల నుండి వచ్చినది కాదు. సూత్రం మాత్రం ఒకటే: యంత్రం ఆగకుండా, కావలసినంత నూనె, కావలసిన చోటికి చేరాలి. అయితే పెట్టెలోని నూనె తగ్గినా, నల్లబడినా యంత్రం తనంతట తాను సరిచేసుకోలేదు. అందువల్ల యంత్రాన్ని సమతలంగా నిలిపి, కొలత పుల్లతో మట్టం చూడడం, నిర్ణీత గంటల వాడకం తరువాత పాత నూనె తీసి కొత్తది పోయడం నేటికీ మనిషి పనిగానే మిగిలింది.

డెట్రాయిట్ జీవితము, ఇతర ఆవిష్కరణలు

1868లో ఆన్ ఎలిజబెత్ స్టూవర్టును వివాహమాడాడు. ఆమె నాలుగేళ్ళకే మరణించింది. 1873లో మేరీ ఎలియనార్ డిలేనీని వివాహమాడాడు. 1882లో దంపతులు డెట్రాయిట్ చేరారు. మేరీ అక్కడి నల్లజాతి మహిళల సంఘాలలో ముఖ్యురాలు. ఫిలిస్ వీట్లీ పేరిట వృద్ధ స్త్రీలకు ఆశ్రమం నెలకొల్పినవారిలో ఒకరు.

ఇతర పేటెంట్లలో మడిచే ఇస్త్రీ బల్ల (1874), పచ్చికపై నీరు చిమ్మే సాధనం (1899) ప్రసిద్ధమైనవి. తగిన పెట్టుబడి లేనందున తన పేటెంట్ల హక్కులను తరచు ఇతరులకు వ్రాసి ఇచ్చేవాడు. ఆ సాధనాలు ఇతరుల పేర్లతో అమ్ముడుపోయేవి. లాభం కూడా వారికే చేరేది.

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో అత్యధికంగా వేడిచేసిన ఆవిరితో నడిచే ఇంజన్లు వచ్చాయి. ఆ వేడికి మామూలు నూనె నిలువదు. నూనెలో గ్రాఫైటు పొడి కలిపితే మేలు కలుగుతుంది గాని, ఆ పొడి గొట్టాలలో పేరుకొని అడ్డుపడుతుంది. అడ్డుపడకుండా పొడితో కూడిన నూనెను అందించే లూబ్రికేటరుకు 1915లో మెకాయ్ పేటెంటు పొందాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. తన పేరుతో లూబ్రికేటర్లు తయారుచేసే సంస్థను స్థాపించడం 1920లో గాని సాధ్యపడలేదు.

చివరి రోజులు

1922లో జరిగిన మోటారు ప్రమాదంలో దంపతులిద్దరూ గాయపడ్డారు. ఆ గాయాల కారణంగా మేరీ మరణించింది. మెకాయ్ మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. ఆరోగ్యము, ధనము రెండూ క్షీణించగా 1928లో మిషిగన్‌లోని ఎలాయిస్ ఆసుపత్రిలో చేరాడు. ఇది పేదలకు ఆశ్రయమిచ్చే సంస్థ. మరుసటి సంవత్సరం అక్కడే మరణించాడు.

పేరు - వాడుక

ఆంగ్లంలో అసలైన, నికార్సయిన వస్తువును ది రియల్ మెకాయ్ అంటారు. నకిలీ లూబ్రికేటర్లు వద్దనుకున్న రైల్వే ఇంజనీర్లు మెకాయ్ చేసినదే కావాలని అడిగినందువల్ల ఈ వాడుక పుట్టిందని ఒక కథ. దీనిని పాఠ్యపుస్తకాలలో సైతం చేర్చారు. కాని స్కాట్లండులో మెకే అనే రూపంలో ఇది 1856లోనే అచ్చయింది, అప్పటికి ఎలైజా పన్నెండేళ్ళ బాలుడు. ఈ వాడుకను ఆయనతో ముడిపెట్టిన తొలి ముద్రిత ఆధారం 1966 నాటి ఒక విస్కీ ప్రకటన. ఒక ముష్టియోధుని పేరుతో ముడిపెట్టే కథ కూడా ఉంది. పేటెంటు పత్రాలలో నమోదైన పని ఇంత ఉండగా ఆయన గొప్పదనానికి ఈ కథ అవసరం లేదు.

గుర్తింపు

1975లో డెట్రాయిట్ నగరం ఒక వీధికి ఆయన పేరు పెట్టింది. 2001లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో స్థానం లభించింది. 2012లో అమెరికా పేటెంటు కార్యాలయం రాజధాని ప్రాంతం వెలుపల తన మొదటి శాఖను డెట్రాయిట్‌లో ప్రారంభించి, దానికి ఎలైజా మెకాయ్ పేరు పెట్టింది.