నాలుగు రూపాల సేనాని టిల్లీ



జర్మనీ దేశంలో డాన్యూబ్ నది ఒడ్డున ఇంగోల్‌స్టాట్ అనే కోటనగరం ఉంది. 1632 ఏప్రిల్ 30వ తేదీన, వెలుపల స్వీడన్ సైన్యం మోహరించి ఉండగా, ఆ నగరంలో 73 ఏళ్ల వృద్ధ సేనాని ఒకడు కన్నుమూశాడు. ఆయనే టిల్లీ ప్రభువు. ఆయన జీవితమును, మరణానంతరం ఆయనకు కళాకారులు కల్పించిన రూపాలను నేడు తెలుసుకుందాం.

టిల్లీ 1559లో నేటి బెల్జియం దేశంలో జన్మించాడు. జెస్యూట్ గురువుల వద్ద విద్య నేర్చాడు. స్పెయిన్ సేనలో చేరి యుద్ధవిద్యలో ఆరితేరాడు. 1610లో బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ ఆయనను పిలిపించి తన సేనను అప్పగించాడు. 1618లో ముప్ఫై ఏళ్ల యుద్ధం ఆరంభమైంది. 1620లో ప్రాగ్ సమీపాన తెల్లకొండ వద్ద టిల్లీ పక్షం జయించింది. 1631 మే నెలలో మాగ్డెబర్గ్ నగరం ఆయన సేనల వశమైంది. దోపిడికి అగ్ని తోడై సుమారు 20,000 మంది మరణించారు. మరుసటి ఏడు లెఖ్ నది వద్ద ఆయన కాలికి తీవ్రగాయమైంది. ఇంగోల్‌స్టాట్‌కు చేర్చినా ప్రాణం దక్కలేదు. అయితే కోట మాత్రం స్వీడన్ రాజుకు లొంగలేదు. ఆ ముట్టడిలో కూలిన రాజుగారి గుర్రమును నేటికీ నగర సంగ్రహాలయంలో భద్రపరచి ఉంచారు.

ఇప్పుడు ఆయన రూపాలను చూడండి. మాగ్డెబర్గ్ దహనాన్ని చాటిన కరపత్రాలలో, చిత్రాలలో టిల్లీ క్రూరుడు. మ్యూనిక్‌లో లూడ్విగ్ రాజు 1844 నాటికి కట్టించిన సేనానుల మండపంలో ఆయన కంచువిగ్రహమై నిలిచిన వీరుడు. రోటెన్‌బుర్గ్ పట్టణంలో ఆయన కరుణించిన విజేత. అచ్చట ఒక పెద్దమనిషి మూడు లీటర్లకు పైగా ద్రాక్షాసవాన్ని ఒక్క గుక్కలో తాగి, టిల్లీని మెప్పించి, ఊరిని కాపాడాడని కథ. 1881 నుండి దానిని నాటకంగా ఆడుతున్నారు. గడియారంలో బొమ్మలు కూడా ఆ కథనే అభినయిస్తాయి.

నాలుగవది బెర్టోల్ట్ బ్రెఖ్ట్ రచించిన మదర్ కరేజ్ నాటకం. అందులో ఒక రంగం ఇంగోల్‌స్టాట్ ముంగిటనే జరుగుతుంది. బయట టిల్లీ అంత్యక్రియలు. లోపల సైనికులకు సరుకులమ్మే తల్లి తన సామాను లెక్కపెట్టుకుంటుంది. సరుకుల కోసం పంపిన మూగకూతురు ముఖంపై గాయంతో తిరిగి వస్తుంది. సేనానికి ఫిరంగుల మర్యాద దక్కింది. ఆ పిల్ల గాయానికి ఏ మర్యాద దక్కింది?

విద్యార్థులారా, తోటలలో చెమటోడ్చిన మన తాతముత్తాతలకు కంచువిగ్రహాలు లేవు. కనుక మీరు ఏ విగ్రహం ముందు నిలిచినా రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనిని నిలిపినవారెవరు? ఇందులో కనబడనివారెవరు? ఆ తరువాత ఇంటికి వెళ్లి మీ అవ్వతాతలను అడిగి, వారి కథను మీ పుస్తకంలో వ్రాసుకొనండి.