కులపతి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

తాపీ నదీతీరమందలి ఈ సూరతు నగరము వస్త్రవ్యాపారమునకే గాక సంఘసంస్కరణకును పేరెన్నికగన్నది. 1844లో ఇచ్చట మానవధర్మసభను నెలకొల్పినవారిలో ముఖ్యుడైన దుర్గారామ్ మెహతాజీ వృత్తిచేత ఉపాధ్యాయుడు. మూఢాచారములపై కలమెత్తిన నర్మద్ కవి 1833లో ఈ ఊరనే జన్మించెను. 2004లో దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు చేర్చిరి. గుజరాతీ మిత్రులు వీరిని గర్వముతో స్మరించినప్పుడెల్ల నాకు కాకినాడయు, అచ్చట విద్యాలయమును ఒక కుటుంబమువలె నడపిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును జ్ఞప్తికి వత్తురు.

వారిని గూర్చి వ్రాయుటకు మరియొక కారణము గలదు. కళాశాలలలో ప్రవేశములు జరుగు రోజులలో, తెలంగాణమునుండి వచ్చి ఇచ్చట పవర్‌లూముపై పనిచేయుచున్న మన తెలుగువా రొకరు తమ కుమార్తెతో నావద్దకు వచ్చి, కళాశాలకు తోడు రమ్మని కోరిరి. ఆ యింట పదవతరగతి దాటిన మొదటి పిల్ల ఆమెయే. ఆమె ధ్రువపత్రములు కొన్ని తెలుగులో నున్నవి. ఒక కిటికీనుండి మరియొక కిటికీకి, అచ్చటనుండి మూడవదానికి మమ్ము పంపిరి. కాగితములనుగూర్చి అందరును ప్రశ్నించిరి గాని, ఏమి చదువవలెనని యున్నదో ఆ పిల్ల నొక్కరును అడుగలేదు. నేనును ప్రభుత్వోద్యోగినే. నా బల్లమీదికి వచ్చు దరఖాస్తులను నేనెట్లు చూచుచున్నానో ఆనాడు నన్ను నేను ప్రశ్నించుకొనవలసివచ్చెను.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. ఆ యుద్యోగమువలన బాలుని చదువు కొంత ఉత్తరదేశమునను, కొంత హైదరాబాదునను సాగెను. అందుచేత హిందీ, ఉర్దూ భాషలు చిన్ననాడే వారికి పట్టుబడెను. పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, ప్రిన్సిపాలు విలియం మిల్లరుగారికి శిష్యులైరి. గురువు పాఠము చెప్పి పోవువాడు గాడు, శిష్యుని జీవితమునకు బాధ్యత వహించువాడను భావము వారి కచ్చటనే దృఢపడెను. బ్రహ్మసమాజ మతమును స్వీకరించుటయు ఆ కాలముననే జరిగెను.

1889లో వారికి భార్యావియోగము కలిగెను. నాటికి వారి వయస్సు సుమారు ఇరువదియేడేండ్లు. పెద్దలు చెప్పినను పునర్వివాహమున కంగీకరింపక, తెల్లని వస్త్రములు ధరించి, మిగిలిన యేబదియేండ్లును బ్రహ్మచర్యముననే గడపిరి. ఇంటిలో పోయిన సంసారము వారికి విద్యాలయమున మరల దొరికినదని చెప్పవచ్చును.

మచిలీపట్టణమందలి నోబుల్ కళాశాలలో వారు బోధించిన రోజులలో శిష్యులైనవారిలో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును ఉండిరి. తరువాత 1899నుండి 1904వరకు సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు వచ్చిరి. సుమారు పదునైదేండ్లు అచ్చట ప్రిన్సిపాలు పదవిని నిర్వహించిరి.

ఆ పదునైదేండ్లే వారి జీవితమున ప్రధానఘట్టము. నాటి కళాశాలకు ప్రిన్సిపాలనగా క్రమశిక్షణాధికారి. విద్యార్థులకు ఆయన దర్శనము శిక్ష పడునప్పుడే. నాయుడుగా రీ పద్ధతిని తలక్రిందులు చేసిరి. జీతములో పెద్దభాగము పేదవిద్యార్థుల ఫీజులకును, భోజనములకును పోవుచుండెను. జీతము చెల్లింపలేక చదువు మానబోవు పిల్లవాని సంగతి వారి చెవిని బడినచో, ఆ ఫీజు ఎట్లో కట్టబడుచుండెడిది.

అయితే దయాళువైన దాతకును, మంచి విద్యాధికారికిని భేదము గలదు. దాత ఎదుట నిలిచిన యొక్కనికి సాయపడును. అధికారి ఎదుటికి రాలేకపోయినవారిని గూర్చియు ఆలోచింపవలెను. ఫీజు లేక నిలిచిపోయినవాడు గుమ్మము దాకనైన వచ్చినాడు. ఆడపిల్లలును, అస్పృశ్యులని సంఘము దూరముంచిన కులముల పిల్లలును ఆ గుమ్మము దాక రాగల స్థితిలోనే లేరు. నాయుడుగారు తమ కళాశాలలో స్త్రీలను చేర్చుకొని, పురుషులతో సమానముగా కూర్చుండబెట్టి చదివించిరి. ఆంధ్రదేశమున సహవిద్యకు మార్గము చూపినవారిలో వారు ముఖ్యులు. అంటరానివారనబడిన విద్యార్థులకును తలుపులు తెరచిరి. తలుపు తెరచినంతమాత్రమున చాలదని యెరిగి, వారికి వసతిగృహమును, దిక్కులేని శిశువులకు అనాథశరణాలయమును ఏర్పడునట్లు చేసిరి. వీనికి శిష్యతుల్యులైన పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరువారు ధనసహాయమొనర్చిరి. ఉండుటకు చోటు, తినుటకు తిండి లేని పిల్లవానికి ప్రవేశపుటుత్తరువు ఉత్త కాగితమే యని వా రెరుగుదురు.

వారి మార్గమంతయు పూలబాట యని చెప్పుట సత్యము గాదు. దేవదాసీల నృత్యములకు వ్యతిరేకముగా వారు సాగించిన యుద్యమము పెద్దమనుష్యులలో పెక్కురకు కంటగింపయ్యెను. శీలము, పవిత్రత యను విషయములలో వారి పట్టుదల కఠినమైనది. వారి ప్రభావమున బ్రహ్మసమాజమున చేరిన యువకులలో గుడిపాటి వేంకటచలముగా రొకరు. ఆ నియమములతో పొత్తు కుదురక వారు తమ దారి తాము చూచుకొనిరి. రాజకీయములందును గురుశిష్యులకు అంతరమేర్పడెను. నాయుడుగారికి 1924లో ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. పట్టాభిగారు జాతీయోద్యమమున కారాగారవాసము చేసి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. ఇట్లు వేరుదారులు పట్టినవారిని తీర్చిన చేయి ఒక్కటే. శిష్యులందరును తనవలె నగుటయే గురువు విజయమైనచో నాయుడుగా రోడిపోయినట్లే. వారికి స్వతంత్రముగా నడచు శక్తి నిచ్చుటయే విజయమైనచో, వారిని మించిన విజేత మనలో అరుదు.

1925నుండి 1928వరకు నాయుడుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. 1926లో తెలుగు జిల్లాలకై ఆంధ్ర విశ్వవిద్యాలయము వేరుగా ఏర్పడెను. మరుసటియేడు ఆ నూతన విశ్వవిద్యాలయము వారికి గౌరవపట్టము నొసగెను. అయినను తెలుగువారికి వారు బిరుదములతో గాక కులపతి యను పేరుతోనే పరిచితులు. ప్రాచీనుల వాడుకలో పదివేలమంది శిష్యులకు అన్నము పెట్టి చదువు చెప్పువాడు కులపతి. ఆ నిర్వచనమున అన్నము ముందు, చదువు తరువాత. విశ్వవిద్యాలయాధిపతులకు నేడు మనమా మాటను సులభముగా వాడుచున్నాము. దాని పూర్తి యర్థమునకు తగినట్లు జీవించినవారు నాయుడుగారు. 1939 మే 26వ తేదీన వారు పరమపదించిరి.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి చెప్పి ముగించెదను. మూడవ కిటికీవద్దను పని కాలేదు. మరుసటి సోమవారము తిరిగి పోయితిమి. ఆనాడు ఆ కుర్చీలో వేరొక గుమాస్తా, నెరసిన తలవాడు, ఉండెను. కాగితములను ప్రక్కకు పెట్టి, ముందు ఆమె పేరడిగెను. పిదప ఏ విషయము చదువగోరుచున్నదని అడిగెను. ఆమె తడబడుచునే గుజరాతీలో గణితమని చెప్పెను. తెలుగు పత్రములకు అనువాదము ఎచ్చట చేయింపవలెనో ఆయన తానే వ్రాసియిచ్చెను. ఆ వారములోనే ఆమె చేరినది.

ఆ గుమాస్తా కాకినాడ పేరు వినియుండడు. కాని నాయుడుగారు ప్రిన్సిపాలు గదిలో కూర్చుండి చేసినదానినే ఆయన కిటికీవెనుక కూర్చుండి చేసెను. మన సంఘసభ్యులలో పెక్కుమంది ఏదో యొక బల్లకు వెనుక కూర్చుండువారమే. మనకు కులపతి పదవి రాకపోవచ్చును. ఎదుట నిలిచినవారి పేరడుగు అవకాశము మాత్రము ప్రతిదినమును వచ్చుచునేయున్నది. అది వదలుకొనకుండుటయే ఆ మహనీయునకు మనము చేయగల నమస్కారము.