ఆగ్నెస్ హంట్ దొరసానిగారు

బిడ్డను వైద్యశాలనుండి ఇంటికి పంపిన దినమున తలిదండ్రుల కష్టము తీరినదని పలువురు తలంతురు. ఆ దినముననే మఱియొక కష్టము ఆరంభమగునని గ్రహించి, దానికి ఉపాయము కనుగొనిన పుణ్యవతి ఆగ్నెస్ హంట్.

ఈమె 1866వ సంవత్సరమున లండను నగరమున జన్మించి, ష్రాప్‌షైరు మండలములోని బాస్‌చర్చి గ్రామప్రాంతమున పెరిగెను. బాల్యమున మడమపై లేచిన పొక్కు చీముపట్టి, ఆ విషము రక్తమునకెక్కి తుంటికీలును చెఱచెను. నాటినుండి ఆమె కుంటుచునే నడచెను. అయినను నర్సుపని నేర్చుకొని, 1900లో బాస్‌చర్చియందు ఒక ఆశ్రమమును తెఱచెను. అంగవైకల్యముగల బిడ్డలు అచ్చట చేరిరి. వారిలో పెక్కండ్రు ఎముకల క్షయచే పీడితులు. ఆ కాలమున దానికి తగిన మందు లేదు. విశ్రాంతియు, మంచి ఆహారమును, కట్లును, నిర్మలమైన గాలియుమాత్రమే చికిత్స. కావున బిడ్డలు చలికాలమందు సైతము తెఱపి పాకలలో పరుండెడివారు. లివర్‌పూలునందలి ప్రసిద్ధ శస్త్రవైద్యులగు రాబర్ట్ జోన్సుగారు అచ్చటికి వచ్చి చికిత్స చేయుచుండిరి.

అయితే నెలలతరబడి శ్రమించి చక్కచేసిన కాలు ఇంటికి పోయిన పిమ్మట మరల వంకరపోవచ్చును. బిడ్డ యెదుగును, కట్టు ఇఱుకగును, తోలుపట్టీ తెగును, బద్ద యొరసి పుండుపడును. పేదతల్లికి ఏమి చేయవలెనో తెలియదు. దూరపు వైద్యశాలకు పోవుటకు రైలుఖర్చు లేదు. బిడ్డ కాలు మరల చెడినచో ఆ తప్పు తల్లిదనుట న్యాయమా?

హంట్ తల్లిని నిందింపలేదు. చుట్టుపట్ల సంతయూళ్లలో చిన్న చిన్న వైద్యస్థానములను నెలకొల్పెను. నియమిత దినములలో నర్సులు అచ్చటికి పోయి బిడ్డలను పరీక్షించి, కట్లు సవరించి, తల్లులకు ఆ పని నేర్పి, అవసరమైనవారిని మరల వైద్యునికి చూపుచుండిరి. తల్లి వైద్యశాలకు రాలేనిచో వైద్యశాలయే తల్లి చెంతకు పోయెను. ఈ పద్ధతి క్రమముగా ఇంగ్లాండునందలి ఇతర మండలములకును వ్యాపించెను.

1921లో ఆశ్రమము ఆస్వెస్ట్రీ సమీపమునకు మారెను. 1926లో ఆమెకు డేమ్ బిరుదము లభించెను. చికిత్స ముగిసిన యువజనులు పరులపై నాధారపడకుండుటకై 1927లో చేతిపనులు నేర్పు విద్యాలయమునుగూడ స్థాపించెను. 1948లో దివంగతురాలయ్యెను. నేటికిని ఆ వైద్యశాల జోన్సుగారి పేరను, ఆమె పేరను వెలయుచున్నది.

బాలబాలికలారా! చిరకాలము వైద్యశాలలోనుండి మరలివచ్చిన సహపాఠి మీ తరగతిలో నుండవచ్చును. అతని పుస్తకముల సంచి మోయుడు. తప్పిపోయిన పాఠములు చెప్పుడు. సాయంకాలమున వాని తల్లి కొంతసేపు విశ్రమించునట్లు వానికి తోడుగా కూర్చుండుడు. హంట్ దొరసాని జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.