పక్షుల తాత సలీం అలీ

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. మూడేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. చిన్నతనంలో తాను కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూసి, అదేం పక్షో తెలుసుకోవాలనుకున్నారు. డిగ్రీ లేకున్నా పక్షిశాస్త్రంలో దేశానికే గురువయ్యారు.

1931-32లో, మన రాయికోడ్ కూడా ఉన్న నాటి హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడిని ఆయన జీవితమంతా సేవించిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వెతికించింది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల వద్ద, ముళ్లపొదల నేలలో అది దొరికింది. పట్టి చూపింది శాస్త్రవేత్త కాదు, అక్కడి పల్లెటూరి వేటగాడు. అప్పటికి సలీం అలీ వయసు 89. మరుసటి ఏడు జూన్ 20న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! అమ్మానాన్నలకు దూరంగా పెరిగే మనకు ఆయన జీవితం ఒక ధైర్యం. మన చేలలోని పిట్టల పేర్లు తెలిసిన పశువుల కాపరి కూడా మనకు గురువే.