ఏకముఖ విద్యుత్తుకు బాట వేసిన బ్రౌన్

ఇనుప గేట్లు, కిటికీ చట్రాలు, ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ దుకాణాలు ప్రతి మండల కేంద్రంలోనూ కనిపిస్తాయి. నల్లద్దాన్ని ముఖానికి అడ్డుపెట్టుకొని ఇనుమును కరిగించి అతికే శ్రామికుని నైపుణ్యం వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల శ్రమ దాగి ఉంది. వారిలో ఫెర్డినాండ్ బ్రౌన్ ఒకడు. వెల్డింగ్ పనితో ఆయనకు నేరుగా సంబంధం లేదు. అయినా ఆయన తన ఇరవై నాలుగవ ఏట ఒక ఖనిజపు ముక్కలో గమనించిన విశేషం ఆ దుకాణంలోని యంత్రానికి ఎంతో మేలు చేసింది.

చిన్న దుకాణాలలో చాలాకాలం వాడుకలో ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్‌తో పనిచేసే వెల్డింగ్ మిషన్. అది ఇచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. మన దేశంలో ఈ విద్యుత్తు సెకనుకు 100 సార్లు తన దిశను మార్చుకొంటుంది. దిశ మారే ప్రతిసారీ ప్రవాహం శూన్యమవుతుంది. రాడ్డు కొన వద్ద వెలిగే చాపం ఆ క్షణంలో ఆరి, తిరిగి రగుల్కోవలసి వస్తుంది. 6013 రకం రాడ్లు దీనిని తట్టుకొంటాయి. 6010 వంటి రాడ్లకు మాత్రం ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ, తప్పనిసరి. అటూ ఇటూ ఊగే ప్రవాహాన్ని ఒకే దిశకు మళ్ళించడం ఎలా? ఈ ప్రశ్నకు సమాధానం బ్రౌన్ జీవితంలో లభిస్తుంది.

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1850వ సంవత్సరం జూన్ 6వ తేదీన జర్మనీలోని ఫుల్డా పట్టణంలో జన్మించాడు. ఆయన తండ్రి ప్రభుత్వోద్యోగి. స్వస్థలంలో పాఠశాల విద్య ముగించి, మార్బుర్గ్, బెర్లిన్ విశ్వవిద్యాలయాలలో ఉన్నతవిద్య అభ్యసించాడు. తీగల కంపనాలపై పరిశోధన చేసి 1872లో డాక్టరేట్ పట్టా పొందాడు. కొంతకాలం వూర్ట్స్‌బుర్గ్‌లో ఒక ఆచార్యునికి సహాయకునిగా పనిచేశాడు. 1874లో లైప్‌జిగ్ నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరాడు. విద్యార్థులకు పాఠాలు చెబుతూనే ఆయన తన పరిశోధనను కొనసాగించాడు.

ఆ రోజులలో వాహకాలన్నీ ఓమ్ నియమాన్ని పాటిస్తాయనీ, విద్యుత్తు ఏ దిశలో ప్రవహించినా వాటి నిరోధం ఒక్కటేననీ శాస్త్రజ్ఞులు భావించేవారు. బ్రౌన్ ఈ అభిప్రాయాన్ని ప్రయోగంతో పరీక్షించాడు. సీసపు ఖనిజమైన గెలీనా, ఇనుప పైరైట్ వంటి సల్ఫైడ్ స్ఫటికాలను తీసుకొని, వాటి ఉపరితలంపై సన్నని లోహపు తీగ మొనను ఆనించి విద్యుత్తును పంపాడు. ఒక దిశలో ప్రవాహం సులువుగా సాగింది. దిశ మార్చగానే అది బాగా తగ్గిపోయింది. ఒకవైపు మాత్రమే తెరుచుకొనే తలుపువలె ఆ స్ఫటికం ప్రవర్తించింది. 1874లో ఆయన ఈ విశేషాన్ని ప్రకటించాడు. ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చే ఈ ప్రక్రియనే తరువాతి కాలంలో ఏకధిక్కరణం అన్నారు.

ఆ ప్రకటనకు తగిన ఆదరణ లభించలేదు. తీగ మొన కొద్దిగా జరిగితే చాలు, ఫలితం మారిపోయేది. అందువల్ల ఇతరులు ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినపుడు అదే ఫలితం రావడం కష్టమయ్యేది. పలువురు సందేహించారు. ఆ ప్రవర్తనకు కారణం వివరించగల సిద్ధాంతం అప్పటికి పుట్టలేదు. అర్ధవాహకాల స్వభావం 1930లలో గాని స్పష్టం కాలేదు. వెంటనే ఉపయోగించుకొనే అవసరమూ ఆనాడు లేదు. అయినప్పటికీ బ్రౌన్ తాను చూసినదానిని విడిచిపెట్టలేదు. ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేసి, 1876లో లైప్‌జిగ్ పండితుల ఎదుట ప్రదర్శించాడు.

అనంతరం ఆయన మార్బుర్గ్, స్ట్రాస్‌బుర్గ్, కార్ల్స్‌రూహె, ట్యూబింగెన్ నగరాలలో ఆచార్యునిగా పనిచేసి, 1895లో తిరిగి స్ట్రాస్‌బుర్గ్ చేరి అక్కడి భౌతికశాస్త్ర సంస్థకు అధిపతి అయ్యాడు. 1897లో కాథోడ్ కిరణ నాళాన్ని నిర్మించాడు. క్షణక్షణమూ మారే విద్యుత్ ప్రవాహపు తీరును తెరపై వెలుగు గీతగా చూపగల సాధనమది. తరువాతి కాలంలో టెలివిజన్ తెరకు ఈ నాళమే ఆధారమైంది. బ్రౌన్ దీనికి పేటెంటు తీసుకోలేదు. కోరినవారెవరైనా దానిని నిర్మించుకొనే అవకాశం కలిగింది.

1898 నుండి ఆయన దృష్టి తీగలు లేకుండా వార్తలు పంపే విద్య వైపు మళ్ళింది. మార్కోనీ యంత్రంలో విద్యుత్ స్ఫులింగం నేరుగా ఏరియల్‌లోనే పుట్టేది. బ్రౌన్ స్ఫులింగాన్ని వేరొక వలయంలో ఉంచి, తీగచుట్టల ద్వారా ఆ శక్తిని ఏరియల్‌కు అందజేశాడు. దీనివల్ల సంకేతాలు మరింత దూరం చేరగలిగాయి. ఆ సంకేతాలను గుర్తించే పనికి ఆయన తన పాత స్ఫటికాన్నే వెలికితీశాడు. పాతిక సంవత్సరాలపాటు ప్రయోజనం లేనిదిగా మిగిలిపోయిన ఆవిష్కరణ ఈ విధంగా అక్కరకు వచ్చింది. మన దేశానికి చెందిన జగదీశ్ చంద్రబోస్ కూడా గెలీనా స్ఫటికంతో విద్యుత్ తరంగాలను గుర్తించే సాధనాన్ని రూపొందించి, 1904లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1909లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని మార్కోనీ, బ్రౌన్ కలిసి అందుకొన్నారు.

బ్రౌన్ చివరి రోజులు విషాదకరంగా గడిచాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. అమెరికాలో జర్మన్లు నిర్మించిన ఒక వైర్‌లెస్ కేంద్రంపై పేటెంటు వివాదం తలెత్తింది. అందులో సాక్ష్యం ఇచ్చేందుకు ఆయన అరవై నాలుగేళ్ళ వయసులో, ఆరోగ్యం సరిగా లేకున్నా, సముద్రం దాటి న్యూయార్క్ వెళ్ళాడు. యుద్ధం కారణంగా తిరుగు ప్రయాణం సాధ్యపడలేదు. 1917లో అమెరికా కూడా యుద్ధంలో ప్రవేశించడంతో ఆ కాస్త ఆశా అడుగంటింది. బ్రూక్లిన్‌లో కుమారుని ఇంట ఉంటూ 1918 ఏప్రిల్ 20వ తేదీన ఆయన కన్నుమూశాడు. ఆయన చితాభస్మం మాత్రం తరువాత స్వస్థలమైన ఫుల్డా చేరింది.

బ్రౌన్ చూపిన బాట ఆయనతో ఆగిపోలేదు. 1920లలో రాగి ఆక్సైడ్ పలకలు, ఆ తరువాత సెలీనియం పలకలు, 1950లలో సిలికాన్ డయోడ్లు వచ్చాయి. సామాన్య శ్రామికుడు సైతం తన పాత ఏసీ వెల్డింగ్ మిషన్‌ను డీసీగా మార్చుకొనే వీలు దీనివల్లనే కలిగింది.

ఈ మార్పునకు నాలుగు పెద్ద డయోడ్లను వంతెన పద్ధతిలో కలుపుతారు. వంతెనకు గల నాలుగు మూలలలో ఎదురెదురుగా ఉన్న రెండింటికి ట్రాన్స్‌ఫార్మర్ తీగలను జతచేస్తారు. మిగిలిన రెండు మూలలు ధన, ఋణ ధ్రువాలవుతాయి. ప్రవాహం ఒక దిశలో ఉన్నపుడు రెండు డయోడ్లు, దిశ మారినపుడు మిగిలిన రెండు దారి ఇస్తాయి. అందువల్ల బయటకు వచ్చే ప్రవాహం ఎల్లప్పుడూ ఒకే దిశలో ఉంటుంది. అయితే అది సెకనుకు 100 సార్లు ఉబికి తగ్గుతుంది. ఇనుప దిమ్మపై దళసరి రాగితీగ చుట్టిన చోక్‌ను దారిలో ఉంచితే ఆ ఒడుదొడుకులు తగ్గి, చాపం నిలకడగా వెలుగుతుంది.

ఒక్కొక్క సిలికాన్ డయోడ్‌లో సుమారు 1 వోల్టు నష్టమవుతుంది. ఒకేసారి రెండు డయోడ్లు పనిచేస్తాయి కనుక, 100 ఆంపియర్ల ప్రవాహం వద్ద దాదాపు 200 వాట్ల వేడి పుడుతుంది. అందుకే వాటిని అల్యూమినియం రెక్కలపై బిగించి, ఫ్యాను గాలి తగిలేటట్లు అమర్చాలి. మిషన్ ఇచ్చే గరిష్ఠ ప్రవాహం కన్నా డయోడ్ల సామర్థ్యం చాలా ఎక్కువగా ఉండాలి. విద్యుత్ సరఫరాను పూర్తిగా తొలగించిన పిమ్మట, అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ సమక్షంలో మాత్రమే ఈ పని చేయాలి. ఏమరుపాటు ప్రాణాంతకం కాగలదు.

ఒక పాఠశాల ఉపాధ్యాయుడు ఖనిజపు ముక్కపై తీగ మొనను ఆనించినపుడు దాని ప్రయోజనమేమిటో ఎవరికీ తెలియదు. ఇతరులు సందేహించినా ఆయన తన కంటితో చూసిన సత్యాన్ని కాదనలేదు. వెంటనే ఫలం కనబడనంత మాత్రాన జ్ఞానం వ్యర్థం కాదని ఫెర్డినాండ్ బ్రౌన్ జీవితం తెలుపుతున్నది.